పంచితేనే మిగిలే మొక్క

కొమ్మ గుచ్చితే మొక్కవుతుందనుకున్నాను. పన్నెండు కొమ్మలు ఎండిపోయాక గానీ అసలు సంగతి తెలిసిరాలేదు.

రాజమండ్రిలో మా ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు అమ్మ ఒక్క మాటా అనలేదు. గోడలు చెమ్మ పడుతున్నాయి, ఏటా పెంకులు జారిపోతున్నాయి. నాన్న పోయిన దగ్గర్నుంచి ఆమె హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంటోంది, అక్కడ దీపం పెట్టేవాళ్లు కూడా లేరు. బిల్డరు చెప్పిన ధరా బాగానే ఉంది. సంతకాలు పెట్టే రోజున మాత్రం ఆమె అడిగింది: ‘‘మరి మల్లె తీగ?’’

పెరట్లో నూతి పక్కన ఉండేది ఆ బొండుమల్లె. అమ్మ కాపురానికొచ్చిన ఏడాది పుట్టింటి నుంచి తెచ్చి నాటిన కొమ్మ. యాభై ఏళ్లు దాటింది. వేసవి సాయంత్రాల్లో మా వీధి వాళ్లు దాని వాసనను బట్టే పొద్దుగూకిందని తెలుసుకునేవాళ్లు. ‘‘దానికేముందమ్మా? నాలుగు కొమ్మలు తీసుకెళ్లి కుండీలో గుచ్చుదాం’’ అన్నాను. కొమ్మ గుచ్చితే మొక్క వస్తుందని చిన్నప్పటి నుంచి విన్నదే కదా.

అది ఏప్రిల్ నెల. నాలుగు చాలవని పన్నెండు కొమ్మలు కోశాను. పూలు, మొగ్గలు ఉన్నవైతే బలమైనవని వాటినే ఏరి మరీ కోశాను. తడిపిన న్యూస్ పేపర్లో చుట్టి రైల్లో తెచ్చాను. బాల్కనీలో ఎండ బాగా తగిలే చోట పెద్ద కుండీ పెట్టి, ఎరువు దండిగా కలిపిన మట్టి నింపి, పన్నెండూ గుచ్చి, రెండు పూటలా నీళ్లు పోశాను. వారం తిరక్కుండా ఏడు కొమ్మలకు చిగురొచ్చింది. వెంటనే చెల్లెలికి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. అమ్మ వచ్చి చూసింది, ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది.

మూడో వారానికి చిగుళ్లన్నీ తలలు వేలాడేశాయి. ఒక్కొక్కటీ లాగి చూశాను. కింది కొసలు నల్లగా, మెత్తగా అయిపోయి ఉన్నాయి. పన్నెండింటిలో ఒక్కదానికీ వేరన్నదే లేదు. మళ్లీ వెళ్లి తెచ్చుకుందామంటే అప్పటికే జేసీబీ వచ్చి వెళ్లింది. నుయ్యి పూడ్చేశారు. మల్లె తీగ ఉన్న చోట ఇటుకల కుప్ప ఉంది.

వేరే లేకపోతే చిగురెలా వచ్చింది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. మిగిలిపోయిన కాగితాల పని మీద రాజమండ్రి వెళ్లినప్పుడు అక్కడికి దగ్గర్లోనే ఉన్న కడియపులంకలో దిగాను. కడియం నర్సరీల నుంచి దేశం నలుమూలలకూ లారీల్లో మొక్కలు వెళ్తుంటాయి. ఒక నర్సరీలో తాటాకు పందిరి కింద ఆడవాళ్లు కూర్చుని, కొమ్మలు కత్తిరించి పాలిథిన్ సంచుల్లో గుచ్చుతున్నారు. చేతులు ఆగడం లేదు. నా కథంతా విన్న నర్సరీ పెద్దాయన నవ్వాడు. ‘‘ఆకొచ్చిందని సంబరపడ్డారా బాబూ? ఆకేమో కొమ్మ తనలో దాచుకున్న బువ్వతో వచ్చేస్తాదండి. వేరొస్తేనే అది మొక్క. అందాకా అది కోసిన కొమ్మే.’’

వృక్షశాస్త్రం చెప్పేదీ ఇదే. కొమ్మ కాండంలో పిండిపదార్థం, చక్కెరలు కొంత నిల్వ ఉంటాయి. వేడి, తడి తగలగానే కణుపు దగ్గరి మొగ్గ ఆ నిల్వను వాడుకుని విచ్చుకుంటుంది. అలా వచ్చిన ఆకులు నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. కింద నీళ్లు తోడే వేరు ఉండదు. నిల్వ అయిపోయే లోపు వేరు రావాలి. ఈ పరుగులో వేరు గెలిస్తే మొక్క, ఆకు గెలిస్తే పుల్ల. నేను ఏప్రిల్ ఎండలో, పూలతో ఉన్న కొమ్మలు నాటి ఆకు వైపే తూకం వేశాను.

వేరు ఎలా పుడుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. కొమ్మ చివరి మొగ్గలో, లేత ఆకుల్లో ఆక్సిన్ అనే హార్మోన్ తయారవుతుంది. అది పై నుంచి కిందికి ప్రయాణిస్తుంది. కొమ్మ కోసినప్పుడు దాని దారి తెగిపోయి, కోసిన చోటికి పైన అది పోగుపడుతుంది. బెరడుకూ చెక్కకూ మధ్య ఉండే సన్నటి పొర దగ్గరి కణాలకు అదే కబురు. అప్పటిదాకా కాండం పని చేసిన కణాలు ఆ పని మానేసి, మళ్లీ విభజన మొదలుపెట్టి, వేరు మొలకలుగా మారతాయి. మొక్కలోని ఒక్క కణం నుంచి కూడా సూత్రరీత్యా మొత్తం మొక్కను రాబట్టవచ్చని 1902లోనే ఆస్ట్రియా శాస్త్రవేత్త గాట్లీబ్ హాబర్లాంట్ ఊహించాడు. ఇప్పుడు టిష్యూ కల్చర్ అరటి పిలకలు లక్షల్లో తయారవుతున్నాయంటే మూలం ఆ ఊహే. మన వంటింటి కిటికీలో గ్లాసులో పెట్టిన తులసి రెమ్మ చేసేదీ చిన్న ఎత్తున అదే.

ఇక పద్ధతి. నర్సరీ పెద్దాయన చెప్పింది, తర్వాత నేను చేసి చూసింది కలిపి చెబుతున్నాను.

కాలం ముఖ్యం. మన ప్రాంతంలో మల్లె, మందారం, నందివర్ధనం, నూరువరహాల వంటి వాటికి తొలకరి నుంచి వర్షాకాలం ముగిసే దాకా అనువు. గాలిలో తేమ ఎక్కువుంటే ఆకు నుంచి నీరు తక్కువ పోతుంది. కొమ్మను తెల్లవారుజామున, చెట్టు నిండా నీరు పట్టి ఉన్నప్పుడు కోయాలి. పువ్వూ మొగ్గా లేనిది చూసుకోవాలి. ఉంటే తుంచేయాలి, తిండంతా అవే తినేస్తాయి. మరీ లేత కొమ్మ కుళ్లుతుంది, మరీ ముదురుది బద్ధకిస్తుంది. వంచితే కాస్త వంగి ఆ తర్వాత విరిగేదైతే మల్లెకు సరిపోతుంది. గులాబీకి, కాగితం పూలకు పెన్సిలంత లావున్న ముదురు కొమ్మ మేలు.

పొడవు జానెడు లోపే చాలు. మూడు నాలుగు కణుపులుండాలి. పదునైన బ్లేడుతో కణుపుకు సరిగ్గా కింద ఏటవాలుగా, పైన తిన్నగా కోయండి. ఈ ఏటవాలు కోత వల్ల ఏది తలో ఏది పాదమో తర్వాత తికమక పడక్కర్లేదు. కొమ్మకు మాత్రం ఆ తేడా ఎప్పుడూ గుర్తుంటుంది. తలకిందులుగా నాటినా అది వేర్లను తన అసలు పాదం వైపే పంపాలని చూస్తుంది. కింది ఆకులన్నీ తీసేసి పైన రెండు మూడు ఉంచండి. అవి పెద్దవైతే సగానికి కత్తిరించండి. మొత్తం దూసేయకండి, వేరుకు కబురు పంపేదీ, కొంచెం తిండి వండిపెట్టేదీ ఆ మిగిలిన ఆకులే.

మట్టిలో బలం అక్కర్లేదు. వేరు లేని కొమ్మకు ఎరువు పెట్టడమంటే పళ్లు రాని పసివాడి ముందు విందు భోజనం పెట్టడమే. పైగా ఆ ఎరువు మీద బూజు పెరిగి కోసిన గాయాన్ని కుళ్లబెడుతుంది. కడిగిన ఇసుక సగం, కొబ్బరి పొట్టు సగం చాలు. నీరు నిలవకూడదు, తడి ఆరకూడదు. ముందుగా పుల్లతో బెజ్జం చేసి, కొమ్మను రెండు కణుపులు లోపలికి వెళ్లేలా దించి, చుట్టూ వేళ్లతో నొక్కండి. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు గానీ, అడుగు కోసేసిన నీళ్ల సీసా గానీ బోర్లించి, వెలుతురుండీ ఎండ తగలని చోట పెట్టండి. రోజూ ఓసారి మూత తీసి గాలి సోకనివ్వండి.

ఆ తర్వాత చేయాల్సిన అతి కష్టమైన పని, ఏమీ చేయకుండా ఉండటం. వేరొచ్చిందేమోనని లాగి చూస్తే అప్పుడే మొలిచిన వెంట్రుకలాంటి వేరు తెగిపోతుంది. మల్లెకు నెల నుంచి నెలన్నర పడుతుంది. మెల్లగా కదిపితే కదలకుండా పట్టు దొరికిందంటే వేరు పడినట్టే. అప్పుడు కూడా ఒక్కసారిగా ఎండలోకి తేకూడదు. వారం పది రోజులు కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి.

బజార్లో దొరికే రూటింగ్ పౌడర్లలో ఉండేది ఎక్కువగా ఇండోల్ బ్యూటిరిక్ యాసిడ్, అంటే కృత్రిమంగా తయారుచేసిన ఆక్సిన్. అది కొమ్మలకు వేర్లు తెప్పిస్తుందని 1935లో అమెరికాలోని బాయిస్ థాంప్సన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు చూపించారు. తడిపిన కొసను పొడిలో అద్ది, అదనంగా అంటింది దులిపేస్తే చాలు. ఎక్కువైతే మేలు బదులు కీడే. తేనె, దాల్చినచెక్క పొడి బూజును కాస్త ఆపగలవేమో గానీ అవి వేరు హార్మోన్లు కావు. కొబ్బరినీళ్లలో కణాల విభజనను పెంచే సైటోకైనిన్లు ఉంటాయి. కానీ అవి చిగురు వైపు మొగ్గే పదార్థాలు, వేరుకు పెద్దగా పనికిరావు. కొమ్మ పై కొసకు పేడ ముద్ద పెట్టే మన పాత అలవాటులో మాత్రం అర్థముంది. అక్కడి నుంచి తడి ఆరిపోకుండా అది మూతలా పనిచేస్తుంది.

ఇంత హంగామా అక్కర్లేనివీ ఉన్నాయి. తులసి, పుదీనా, వామాకు, మనీప్లాంట్ కొమ్మల్ని గ్లాసు నీళ్లలో పెడితే చాలు. కూరల బజార్లో కొన్న బచ్చలి కాడ, పొన్నగంటి కాడ ఆకు వలుచుకున్నాక పారేయకుండా నాటి చూడండి. నీళ్లు రెండు మూడు రోజులకోసారి మార్చాలి. లేకపోతే కొమ్మ కుళ్లడం అటుంచి, డెంగీ దోమను మనమే పెంచినట్టవుతుంది. వేరు అంగుళం పెరగ్గానే మట్టిలోకి మార్చాలి. నీటిలో పుట్టిన వేరు పెళుసు, ఆలస్యమయ్యేకొద్దీ మట్టి దానికి కొత్త. దేవగన్నేరు కొమ్మనైతే పాలు ఆరి, గాయం ఎండేదాకా కొన్ని రోజులు నీడలో పడేసి మరీ నాటాలి. గన్నేరు కోస్తే చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవద్దు, దాని పాలు విషం. మునగకు జానెడు కొమ్మ సరిపోదు. మణికట్టు లావున మూడడుగుల కొమ్మనే నేలలో పాతాలి. కరివేపాకు కొమ్మతో కుస్తీ పట్టే బదులు చెట్టు చుట్టూ వేరు నుంచి లేచే పిలకను తవ్వుకోవడం తేలిక. కొబ్బరి, తాటి చెట్లకు ఈ విద్య పనికిరాదు. వాటికున్న పెరిగే మొగ్గ ఒక్కటే, అది తలలోనే ఉంటుంది.

ఇంత శ్రమ ఎందుకు, వంద రూపాయలు పెడితే నర్సరీలో మల్లె మొక్క రాదా అని మా ఆవిడ అడిగింది. వస్తుంది. కానీ అది అమ్మ మల్లె కాదు. ఇది భావోద్వేగం కోసం చెప్పే మాట కాదు, అచ్చమైన వృక్షశాస్త్రం. గింజ నుంచి వచ్చిన మొక్క బిడ్డ లాంటిది, తల్లి పోలిక కొంత, తండ్రి పోలిక కొంత. కొమ్మ నుంచి వచ్చింది బిడ్డ కాదు, ఆ మొక్కే. అదే జన్యువులు, అదే పువ్వు, అదే వాసన. మన బొండుమల్లెల్లాంటి ముద్ద రకాలు సాధారణంగా గింజ కట్టవు. అంటే ఈ రోజు మీరు జడలో తురుముకున్న మాలలోని మల్లె, ఎన్నో తరాల కిందట ఎవరి పెరట్లోనో పూసిన తీగలో ఓ భాగమే. ఇన్నేళ్లూ దాన్ని బతికించింది గాలీ కాదు, పిట్టా కాదు. ఒకరు కోసి ఇస్తే ఇంకొకరు నాటుకోవడం. ఢిల్లీ కనకాంబరం సంగతీ అంతే. అది రెండుకు బదులు మూడు క్రోమోజోమ్ సెట్లున్న వంధ్య రకం, కొమ్మలతోనే దాని వంశం నిలబడింది. తమలపాకు తీగ, చెరకు ముచ్చె, అంటు కట్టిన బంగినపల్లి మామిడి, అన్నిటిదీ ఇదే బంధుత్వం.

ఇటలీలో ఈ మల్లె గురించే ఒక కథ చెప్పుకుంటారు. 17వ శతాబ్ది చివర్లో గోవా నుంచి వెళ్లిన ముద్దమల్లెను టస్కనీ పాలకుడు మూడో కాసిమో తన తోటలోనే ఉంచుకుని, ఒక్క కొమ్మ కూడా బయటికి పోకూడదని ఆంక్ష పెట్టాడట. తోటమాలి ఒకడు తనకు కాబోయే భార్యకు ఓ రెమ్మ కానుకిస్తే, ఆమె వాడిపోనివ్వకుండా నాటి, పెంచి, కొమ్మలు అమ్మి పెళ్లి ఖర్చు సంపాదించిందట. కథలో నిజమెంతో గానీ ఆ రకం పేరు మాత్రం ఇప్పటికీ ‘గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ’. దాచుకున్నవాడి పేరు మిగిలింది, పంచినామె పేరు పోయింది. మొక్క మాత్రం పంచినామె వల్లే మిగిలింది.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ మన పొరుగునే ఉంది. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దిలో అశోకుడి కుమార్తె సంఘమిత్ర బోధ్ గయలోని బోధి వృక్షం దక్షిణ శాఖను సింహళానికి తీసుకెళ్లిందని, దేవానాంపియ తిస్స రాజు దాన్ని అనురాధపురంలో నాటించాడని మహావంశం చెబుతోంది. మనుషులు నాటిన చెట్లలో, నాటిన కాలం నమోదై ఉన్నవాటిలో ప్రపంచంలోకెల్లా పాతది అదేనంటారు. బోధ్ గయలో ఉన్న చెట్టు మాత్రం చరిత్రలో ఎన్నోసార్లు దెబ్బతింది. అక్కడి ముసలి చెట్టు 1876లో కూలిపోయింది, ఇప్పుడున్నది ఆ తర్వాత అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ హయాంలో నాటినది. సారనాథ్‌లోని మూలగంధకుటి విహారం దగ్గర 1931లో అనగారిక ధర్మపాల నాటిన బోధి మొక్క అనురాధపురం నుంచే తిరిగి వచ్చింది. ఇచ్చినవాళ్ల దగ్గర పోయింది, పుచ్చుకున్నవాళ్ల దగ్గర నిలిచి, మళ్లీ ఇచ్చినవాళ్ల గడప తొక్కింది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అన్నీ ఒకే మొక్క అయినప్పుడు ఒకదాన్ని చంపే తెగులు అన్నిటినీ చంపుతుంది. పాశ్చాత్య దేశాల మార్కెట్లను ఏలిన గ్రో మిషెల్ అరటి ఇలాగే 20వ శతాబ్ది మధ్యకల్లా పనామా తెగులుకు బలై, కావెండిష్ రకానికి చోటిచ్చింది. మన అమృతపాణి అరటి కూడా ఆ తెగులుకు తేలిగ్గా లొంగేదే. కొమ్మతో పాటు పురుగూ ప్రయాణిస్తుంది. మందారాన్ని తెల్లటి దూదిలా కప్పేసే బొప్పాయి పిండినల్లి మన దేశంలో మొదట 2008లో కోయంబత్తూరు దగ్గర కనిపించింది. చూస్తుండగానే రాష్ట్రాలు దాటింది. దాన్ని అదుపు చేయడానికి 2010లో ప్యూర్టో రికో నుంచి చిన్న పరాన్నజీవి కందిరీగను తెప్పించాల్సి వచ్చింది. కాబట్టి ఎవరైనా ఇచ్చిన కొమ్మను కళ్లకద్దుకునే ముందు తిరగేసి చూడండి. ఆకు అడుగున తెల్లగా, జిగటగా ఏమైనా ఉంటే మర్యాదగా వద్దనండి. కొత్త మొక్కను రెండు వారాల పాటు మిగతావాటికి దూరంగా ఉంచండి.

విమానం ఎక్కేవాళ్లకైతే ఇది చట్టం కూడా. అమెరికాలోని పిల్లలకు కరివేపాకు మొక్క పట్టుకెళ్లాలని ఎందరో తల్లులు ఆశపడతారు. కరివేపాకు మీద బతికే ఒక చిన్న సిల్లిడ్ పురుగు నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోస్తుంది. 2005లో ఆ తెగులు ఫ్లోరిడాలో బయటపడి అక్కడి నారింజ పరిశ్రమను కుదిపేసింది. మన సూట్‌కేసులో దొరికిన కరివేపాకు రెమ్మను కస్టమ్స్ వాళ్లు చెత్తబుట్టలో వేస్తే వాళ్లకు పోపు రుచి తెలియక కాదు. విదేశాల నుంచి మన దేశానికి కొమ్మలు తెచ్చుకోవాలన్నా 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాల్సిందే.

కొమ్మ పంచుకునే హక్కు మీద కూడా దేశానికో పద్ధతి. అమెరికాలో 1930 నాటి ప్లాంట్ పేటెంట్ చట్టం ప్రకారం, పేటెంట్ ఉన్న గులాబీ కొమ్మను మీ పెరట్లో నాటి ఇంకో మొక్క చేయడం కూడా ఉల్లంఘనే. మన దగ్గర 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం భిన్నంగా ఆలోచించింది. రక్షణ పొందిన రకమైనా సరే, బ్రాండు పేరుతో అమ్మనంత వరకు రైతు తన పంటను, విత్తనాన్ని దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అక్కడ విత్తనమంటే గింజ ఒక్కటే కాదు, తిరిగి అదే రకం మొక్కగా ఎదిగే భాగం ఏదైనా. గోడ మీంచి కొమ్మ అందించే మన అలవాటు వెనక ఇంత సంగతుంది.

ఆ గోడ మీంచే నాకు దారి దొరికింది. కొమ్మలన్నీ పోయాయని అమ్మకు చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. ‘‘ఏప్రిల్లో ఎవరైనా కొమ్మ పెడతారా అనుకున్నాను. చదువుకున్నవాడివి, తెలిసే చేస్తున్నావేమోనని ఊరుకున్నా’’ అంది. తర్వాత వేళ్లు మడుస్తూ లెక్క మొదలుపెట్టింది. తన మల్లె కొమ్మ ఎవరెవరి ఇంటికి వెళ్లిందో ఆ లెక్క. డాక్టరుగారింటికి ఒకటి. పోస్టాఫీసు ఎదురింటి వాళ్లకొకటి. ఇస్త్రీ బండి అతని భార్యకొకటి. గుడి పూజారిగారింటికి ఒకటి. ‘‘ఆ, మీ హిందీ టీచరమ్మకు కూడా. నువ్వు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు.’’

వాకబు చేశాను. డాక్టరుగారి ఇల్లు, పోస్టాఫీసు ఎదురిల్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. ఇస్త్రీ అతని కుటుంబం ఊరు వదిలి ఏళ్లయింది. పూజారిగారింట్లో పాములు చేరుతున్నాయని తీగ కొట్టేశారు. ఇక మిగిలింది టీచరమ్మ. ఒక పాత స్నేహితుడి ద్వారా ఆమె ఫోన్ నంబరు దొరికింది. ఎప్పుడో ధవళేశ్వరం మారిపోయారట. మారేటప్పుడు తీగను తవ్వడం కుదరక, ఓ కొమ్మ తీసుకెళ్లి నాటుకున్నారట.

ఆగస్టులో, ముసురు పట్టిన రోజున వెళ్లాను. ఎనభై దాటిన టీచరమ్మ మెల్లగా మెట్లెక్కి డాబా మీదికి తీసుకెళ్లారు. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములో ఉంది మల్లె. పిట్టగోడ దాటి పక్కింటి సన్‌షేడ్ మీదికి పాకింది. ‘‘మీ అమ్మ మల్లేరా. అచ్చం నీ హిందీ లాగే, ఎటు పడితే అటు పోతుంది’’ అన్నారు.

ఈసారి పువ్వు లేని పన్నెండు కొమ్మలు కోశాను. చెప్పినవన్నీ చెప్పినట్టే చేశాను. పన్నెండూ ఒక్కచోట పెట్టకుండా నాలుగు కుండీల్లో సర్దాను. ఇంకో జాగ్రత్తగా టీచరమ్మ ఒక పొడవాటి కొమ్మను తీగ నుంచి కోయకుండానే పక్క కుండీలోకి వంచి, కణుపు మీద మట్టి వేసి, రాయి పెట్టారు. అంటు తొక్కడమంటే అదే. తల్లి తిండి అందుతూ ఉండగానే కొమ్మ వేరు పోసుకుంటుంది, తర్వాత నింపాదిగా కోసుకోవచ్చు. మీకు గడువు ఉంటే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి అదే. ఇల్లు అమ్ముతామని తెలిసిన రోజునే ఆ పని చేసి ఉంటే ఇంత దూరం తిరగాల్సిన అవసరం ఉండేది కాదు.

నలభై రోజులకు నా పన్నెండింటిలో ఏడింటికి వేర్లు పడ్డాయి. మిగతా అయిదూ ఎందుకు పోయాయో తెలీదు. నర్సరీ పెద్దాయనకు ఫోన్ చేస్తే ‘‘ఏడొచ్చాయంటే మీ చెయ్యి మంచిదేనండి’’ అన్నాడు. రెండు మా బాల్కనీలో ఉంచి, అయిదు పంచేశాను. మరుసటి వేసవిలో మేం పెళ్లికని ఊరెళ్లినప్పుడు మా రెండింటికీ ఎర్రనల్లి పట్టింది. తిరిగొచ్చేసరికి ఒకటి పూర్తిగా ఎండిపోయింది. అదే వారంలో కింద గేటు పక్కన, వాచ్‌మన్ భార్య నాటుకున్న మొక్క తొలి పూలు పూసింది. దోసిట్లో పట్టేన్ని తెచ్చి అమ్మకిచ్చి వెళ్లింది.

అమ్మ వాటిని దండ గుచ్చలేదు. పళ్లెంలో పోసి కాసేపు అలా చూస్తూ కూర్చుంది. తర్వాత నన్ను పిలిచి, ‘‘మిగతా నాలుగూ ఎవరెవరికిచ్చావో ఓ పుస్తకంలో రాసి పెట్టు. నా లెక్క ఎప్పుడూ ఉండదుగా’’ అంది.